నేను తీయించిన ఇరవై మూడు రాళ్ళు

పొద్దున్నే సింగపూర్‌లోని ఎక్స్‌పో మెట్రో స్టేషన్‌లో దిగి, మెళ్ళో కార్డు వేలాడేసుకుని, చాంగీ బిజినెస్ పార్క్ వైపు వడివడిగా నడిచే మన పిల్లలను చూస్తే నాకు రెండు ఆలోచనలు వస్తాయి. ఒకటి, వీళ్ళు టిఫిన్ తిన్నారో లేదో అని. రెండోది, వీళ్ళలో ఎవడో ఒకడు ఏదో ఒకనాటికి నాలాగే రిటైరై, ఖాళీగా ఉండలేక, లోకాన్ని బాగుచేయడానికి బయల్దేరతాడు కదా అని. ఇది వాడి కోసం రాస్తున్నాను. మిగతావాళ్ళు టిఫిన్ తినండి.

నేను అదే పార్కులో ఒక బ్యాంకు బ్యాక్ ఆఫీసులో ఇరవై రెండేళ్ళు పనిచేశాను. నా పని ప్రాసెస్. అంటే ఇంకొకరు చేసే పనిని ఏ వరుసలో చేయాలో కాగితం మీద రాయడం. స్వయంగా నేను ఏ పనీ చేయలేదని మా ఆవిడ అభిప్రాయం. అందులో కొంత నిజం ఉంది. ఎవరు ఎక్కడ కూర్చోవాలి, ఎవరి తర్వాత ఎవరు సంతకం పెట్టాలి, మంటలు లేస్తే ఎవరు ఏ మెట్ల మీదుగా దిగాలి, ఇవన్నీ నేనే రాశాను. మంటలు ఎప్పుడూ లేవలేదు కాబట్టి నా ప్రాసెస్ బాగుందనే అందరం అనుకున్నాం.

రిటైరయ్యాక పాసిర్ రిస్‌లో మా ఫ్లాట్‌లోనే మూడు నెలలు ఉన్నాను. ఆ మూడు నెలల్లో వంటింటి డబ్బాలన్నిటికీ లేబుళ్ళు అంటించి, వాడకం ఎక్కువున్నవి ఎడమ వైపు, తక్కువున్నవి కుడి వైపు సర్దాను. మాది చిత్తూరు జిల్లా. మా ఆవిడ ముప్పై ఏళ్ళుగా సింగపూర్‌లో ఉన్నా కోపం వస్తే నేరుగా చిత్తూరులో దిగుతుంది.

"ఏమండీ, మీరు యాడికన్నా పోయి ఏదో ఒకటి చేసుకోండి. నా ఉప్పు నాకు కనపడకుండా చేసినారు" అంది.

అలా నేను అంతర్జాతీయ సేవా రంగంలోకి వచ్చాను.

నేను చేరిన సంస్థ యుద్ధాలు ఆగిన ఊళ్ళకు, వరదలు తగ్గిన ఊళ్ళకు వాలంటీర్లను పంపేది. ఆఫీసు తూర్పు వైపు ఒక ఫ్యాక్టరీ బిల్డింగ్ నాలుగో అంతస్తులో ఉండేది. పక్క యూనిట్‌లో బిస్కెట్లు ప్యాక్ చేసేవాళ్ళు. అందుకని ప్రపంచంలోని కష్టాలన్నిటినీ మేము వనిల్లా వాసనలో కూర్చుని చర్చించేవాళ్ళం. మా పై అధికారి సింగపూర్ చైనీస్ ఆవిడ, ప్రభుత్వ ఉద్యోగం చేసి వచ్చినావిడ. నాకంటే నాలుగేళ్ళే చిన్నదైనా నన్ను అంకుల్ అని పిలిచేది. నేను ఆమెను మేడమ్ అనేవాణ్ణి.

నాకు తమిళం వచ్చని తెలియగానే మేడమ్ ఒక ఫైలు నా ముందుకు జరిపింది. శ్రీలంక ఉత్తరాన, సముద్రానికి దగ్గరగా ఒక చిన్న ఊరు. పేరు చెప్పను. వాళ్ళు ఇప్పటికే కావలసినన్ని రిపోర్టుల్లో ఉన్నారు. యుద్ధం ఆగి ఏళ్ళు గడిచినా క్యాంపుల నుంచి, చుట్టాల ఇళ్ళ నుంచి మనుషులు ఇంకా ఒక్కొక్కరే ఆ ఊరికి తిరిగి వస్తూ ఉన్నారు. ఊరి మధ్య ఒక మట్టి మైదానంలో మార్కెట్ నడిచేది. కూరగాయలు, ఎండు చేపలు, తమలపాకులు, తాటి బెల్లం. అమ్మేవాళ్ళంతా దాదాపుగా ఆడవాళ్ళే. ఎండకీ వానకీ అడ్డం లేదు. దాని మీద ఒక కప్పు వేసి, కింద సిమెంటు గచ్చు చేసి, కాలువలు తీసి ఇవ్వడం మా పని. ఆరు దేశాల నుంచి పదకొండు మంది వాలంటీర్లు దొరికారు. వాళ్ళకు నాయకుడిగా హైదరాబాద్ నుంచి వచ్చి ఇక్కడి టాంపినీస్‌లో స్థిరపడ్డ ఒక సివిల్ ఇంజనీర్ ఉద్యోగానికి సెలవు పెట్టి వెళ్ళాడు. నలభై ఏళ్ళవాడు, నెమ్మదస్తుడు, ఏ పనికైనా ముందు ఒకసారి అడిగేవాడు. ఆ అలవాటు నాకు లేదు. అదే నా కొంప ముంచింది.

నేను సింగపూర్‌లో కుర్చీ కదలకుండా ఆ మార్కెట్‌ను గీశాను. కొలతల ప్రకారం సమానమైన గళ్ళు, ప్రతి గడికీ ఒక నంబరు. ఎవరికి ఏ గడి అన్నది లాటరీలో తేలుతుంది. సింగపూర్‌లో కొత్త ఫ్లాటు లాటరీలోనే వస్తుంది, కొన్ని స్కూళ్ళలో పిల్లల సీట్లూ లాటరీలోనే వస్తాయి. అంతకంటే న్యాయమైన పద్ధతి మనిషి కనిపెట్టలేదని అప్పట్లో నా గట్టి నమ్మకం. దానికి తోడు ఒక నిబంధన కూడా రాశాను: ముప్పై రోజులు వాడకుండా వదిలేసిన చోటు రద్దవుతుంది, వేరొకరికి ఇస్తారు. మేడమ్ ఆ వాక్యం కింద గీత గీసి, పక్కన గుడ్ అని రాసింది. నా సేవా జీవితంలో నాకు దొరికిన మొదటి గుడ్ అది.

పని మొదలుపెట్టే ముందు మార్కెట్ వాళ్ళంతా మాట ప్రకారం రోడ్డు పక్కకు మారారు. మర్నాడు పొద్దున ఇంజనీర్ ఫోన్ చేశాడు.

"సార్, ఈడ గ్రౌండ్ల అక్కడక్కడ రాళ్ళున్నయి. ఊకె పడ్డ రాళ్ళ లెక్క లేవు, ఎవరో పెట్టినట్టున్నయ్. ఎవర్నన్న అడుగుదునా?"

ఆ సమయంలో నా ముందు మరుగుదొడ్ల డ్రాయింగ్ ఉంది.

"రాళ్ళ గురించి ఎవర్ని అడుగుతావయ్యా? కాలికి తగిలి ఎవరన్నా పడితే మన మీదికొస్తుంది. ట్రిప్ హజార్డ్. తీసేయించు."

"ఎన్నున్నయో లెక్కబెట్టమంటరా?"

"పెట్టు, రిపోర్టులో రాసుకుందాం."

ఇరవై మూడు ఉన్నాయి. 'ఇరవై మూడు అడ్డంకులు తొలగించబడినవి' అని రిపోర్టులో రాసుకున్నాను. ఫోను సంభాషణ మొత్తం కలిపి నిమిషం కూడా పట్టలేదు.

రెండు నెలల్లో కప్పు లేచింది, గచ్చు అయింది, గళ్ళకు తెల్ల గీతలు, నంబర్లు పడ్డాయి. లాటరీ రోజున మేడమ్ కింద తిండి కొట్లుండే హాకర్ సెంటర్ నుంచి రంగురంగుల కొబ్బరి మిఠాయిలు తెప్పించి మీటింగ్ రూమ్‌లో పెట్టింది. గోడ మీద స్క్రీన్‌లో ఆ ఊరి మార్కెట్ కనబడుతోంది. ఇంజనీర్ ఒక అట్టపెట్టె పట్టుకుని నిలబడ్డాడు. అందులో నంబర్లు వేసిన చీటీలు. మార్కెట్ ఆడవాళ్ళంతా కప్పు నీడ ఎక్కడిదాకా పడుతోందో సరిగ్గా ఆ అంచు దగ్గర, ఎండలో నిలబడ్డారు. పెట్టె వాళ్ళ ముందుకు వెళ్ళింది. ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఒక పెద్దాయన పెట్టెలోకి తొంగి చూసి, చీటీలు తప్ప ఏమీ లేవని నిర్ధారించుకుని వెనక్కి వెళ్ళిపోయాడు. కాసేపటికి అందరూ ఎప్పటిలాగే రోడ్డు పక్కకు పోయి కూర్చున్నారు.

"వై లైక్ దట్, అంకుల్?" అంది మేడమ్.

"పద్ధతి అర్థమైనట్టు లేదు మేడమ్. తమిళంలో బోర్డు రాయిస్తాను."

మిఠాయిలు మేమే తిన్నాం. బాగున్నాయి.

బోర్డు రాయించాను. పెద్ద అక్షరాలు, బాణం గుర్తులు, మెట్టు ఒకటి, మెట్టు రెండు. వారం గడిచింది. ఆ బోర్డు నీడలో ఒకావిడ తమలపాకుల బుట్ట పెట్టుకుందని ఇంజనీర్ చెప్పాడు. అది తప్ప దానివల్ల ఒరిగిందేమీ లేదు. రెండో వారం మేడమ్ నన్ను పిలిచి, నువ్వే వెళ్ళి చూసి రమ్మంది.

విమానం దిగి, ఒక పగలంతా వ్యాన్‌లో కూర్చుని ఆ ఊరు చేరాను. మర్నాడు పొద్దున మార్కెట్‌కు వెళితే, నేను గీసిన గళ్ళన్నీ నేను గీసినట్టే ఉన్నాయి. చాలా చక్కగా ఉన్నాయి. వాటిలో ఒక కుక్క పడుకుని ఉంది. మనుషులంతా రోడ్డు పక్కన వరుసగా మండుటెండలో కూర్చున్నారు. ఆ వరుస నాకు నచ్చలేదు. ఇద్దరు కూర్చుంటే ఒక ఖాళీ, నలుగురు కూర్చుంటే రెండు ఖాళీలు. ఖాళీల్లో గోనెపట్టాలు పరిచి ఉన్నాయి. జాగా చాలక ఒకావిడ వరుస చివర కాలువ గట్టు మీద కూర్చుంది, కానీ ఈ ఖాళీల్లోకి మాత్రం రాదు. ఇంత అడ్డదిడ్డమైన ఏర్పాటు నా సర్వీసులో చూడలేదు.

ఎండు చేపలమ్మే ఒకామె దగ్గర ఆగాను. యాభై అయిదేళ్ళుంటాయి. ఎండకు నాకు కళ్ళు తిరుగుతున్నాయి. ఆమె పక్కన గోనెపట్టా ఖాళీగా ఉంది. మాట్లాడినట్టూ ఉంటుంది, కాసేపు కూర్చున్నట్టూ ఉంటుందని దాని మీద కూర్చున్నాను.

వరుసంతా మాటలు ఆగిపోయాయి. బేరమాడుతున్న మనిషి కూడా ఆగాడు.

"లేయండి ఐయా" అంది ఆమె. కోపంగా అనలేదు. "అది మా అక్క చోటు."

ఆమె తమిళం నాకు తెలిసిన తమిళం కాదు, నా తమిళం వాళ్ళకు సినిమా డైలాగుల్లా వినబడేదట. అందుకని ఆమె మాటలను మా చిత్తూరు యాసలోనే చెబుతున్నాను, నా చెవికి అవి అలాగే వినబడ్డాయి.

లేచి నిలబడి, "క్షమించమ్మా. మీ అక్క ఎక్కడికి పోయింది?" అని అడిగాను.

"అది తెలిస్తే రాయి ఎందుకు పెడతానయ్యా?"

'ఇరవై మూడు అడ్డంకులు' అని నేను రాసిన రిపోర్టు గుర్తొచ్చింది. ఆ రాయి సంగతి అడిగాను.

ఆమె చెప్పింది. యుద్ధం ఆగాక ఊరికి మొదట తిరిగి వచ్చినవాళ్ళు మార్కెట్‌కు వచ్చి, తలా తమ పాత చోట్లో కూర్చున్నారు. కుడిపక్క కూర్చునే మనిషి ఇంకా రాలేదు, ఎడమపక్క మనిషీ రాలేదు. ఆ చోట్లు ఎవరూ ఆక్రమించకుండా, వాళ్ళ ఇంటి దగ్గర దొరికిన ఏదో ఒక రాయి తెచ్చి అక్కడ పెట్టారు. మనిషి తిరిగొస్తే తన రాయి తను తీసి పక్కన పడేసి కూర్చోవడమే. ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. అలా చాలామంది వచ్చారు, చాలా రాళ్ళు లేచిపోయాయి. రానివాళ్ళవి మిగిలాయి.

"మా అక్క సన్నికల్లు విరిగిపోయి దొరికింది ఇంట్లో. అందులో ముక్క తెచ్చి పెట్టినా. రోజూ నా చోటుతో పాటు దాని చోటూ ఊడుస్తా. ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తే, అది ఇంక రాదని మేమే చెప్పినట్టు కదా" అంది.

"రాళ్ళు తీసేటప్పుడు మీరెవరూ వద్దనలేదే?"

"ఎందుకంటాం? అంత బాగా కడిగి, వరసగా పేర్చి పెట్టినారు. గచ్చు అయినాక మళ్ళీ పెట్టడానికే అనుకుంటిమి. పరాయి దేశపు మనుషులు ఎంత మర్యాదస్తులో అనుకుంటిమి. తర్వాత పెట్టె తెచ్చినారు."

మార్కెట్ వెనక గోడ దగ్గరికి వెళ్ళి చూశాను. ఇరవై మూడు రాళ్ళూ ఉన్నాయి. మా వాలంటీర్లలో జపాన్ నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టర్ ఉండేవాడు, డెబ్బై ఏళ్ళవాడు. ఏదైనా పారేయడమంటే ఆయనకు ప్రాణం ఒప్పదు. తీయమన్న రాళ్ళను తీసి, బ్రష్షుతో కడిగి, సైజుల వారీగా పేర్చి పెట్టాడు. పెద్దవి కింద, చిన్నవి పైన. ఆయన నా వెనకే వచ్చి నిలబడ్డాడు. విషయం ఆయనకు ఇంగ్లీషులో చెప్పాను. ఆయన ఆ రాళ్ళ వైపు తిరిగి నడుము వంచి, చాలాసేపు అలాగే ఉండిపోయాడు. నాకు వంగడం చేతకాక పక్కన నిలబడ్డాను.

ఇంజనీర్ కూడా వచ్చాడు. వాడి మొహం చూడలేకపోయాను.

"నువ్వు అడుగుతానన్నావు కదయ్యా" అన్నాను.

"పోనియ్యుండ్రి సార్. నేను గూడ గట్టిగ చెప్పలె" అన్నాడు. వాడు ఆ మాట అనకపోయి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ఆమె దగ్గరికి తిరిగి వెళ్ళి, ఈసారి నేల మీద, రోడ్డు మీదే కూర్చుని చెప్పాను. "రాళ్ళు తీయమన్నది నేనేనమ్మా. సింగపూర్ నుంచి."

"మీకెవరూ చెప్పలేదా, అవి పెట్టిన రాళ్ళని?"

"చెప్పారు. నేను వినలేదు."

ఆమె ఒక ఎండు చేపను తిరగేసి పెట్టింది. "సరే, ఇప్పుడు వింటా ఉండారు కదా" అంది. "గచ్చు మీద మా చోట్లు యాడుండాయో కనుక్కోవల్ల ముందు."

ఆ సాయంత్రం మా ఆవిడకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. "నా ఉప్పు డబ్బా జరిపినంత సులభం అనుకుంటిరా?" అంది. తర్వాత, అన్నం తిన్నారా అని అడిగింది. తినలేదు.

మర్నాడు చేసిన పనికి నేను ప్రాసెస్ రాయలేదు. ఎవరూ రాయమని అడగలేదు కూడా. ఆడవాళ్ళంతా మొదటిసారి కప్పు కిందికి వచ్చారు. ఆ చేపలామే ముందుగా వచ్చి, ఎదురుగా రోడ్డు మలుపు ఎంత దూరంలో ఉందో, పక్కన కొబ్బరి చెట్టు ఎటుందో చూసుకుని, రెండడుగులు అటు ఇటు జరిగి, ఒకచోట కూర్చుంది. నా పద్నాలుగో నంబరు గడికీ పదిహేనుకీ మధ్య, సరిగ్గా గీత మీద. "నా కుడిపక్క ఎవరు?" అని కేకేసింది. ఒకావిడ వచ్చి కూర్చుంది. "నీకు కుడిపక్క?" ఆవిడ చెయ్యి నేల మీద పెట్టి, "రాలేదు" అంది. హెడ్‌మాస్టర్ గోడ దగ్గరికి వెళ్ళి, ఆవిడ చూపించిన రాయిని రెండు చేతుల్లో పట్టుకుని తెచ్చి అక్కడ పెట్టాడు.

అలా ఒక్కొక్కరూ కూర్చుంటూ పోయారు. రాళ్ళు ఎవరు మోయబోయినా హెడ్‌మాస్టర్ ఇవ్వలేదు. ఇరవై మూడుసార్లు గోడ దాకా వెళ్ళి వచ్చాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, ఆ ఎండలో. వద్దని చెప్పడానికి ఆ ఆడవాళ్ళకు ఇంగ్లీషు రాదు, నాకు నోరు రాలేదు.

ఒక మూల మాత్రం చిక్కొచ్చింది. అక్కడ నాలుగు రాళ్ళు పక్కపక్కనే ఉండేవట. నాలుగిళ్ళ వాళ్ళూ రాలేదు. పక్కన ఎవరన్నది చెప్పడానికి అక్కడ మనిషే లేడు. అప్పుడు ఇంజనీర్ ఫోన్ తీశాడు. పని మొదలుపెట్టక ముందు నేనే వాడి చేత ఫొటోలు తీయించాను, పాత మార్కెట్ ఎంత అధ్వాన్నంగా ఉందో రిపోర్టులో చూపించడానికి. 'అస్తవ్యస్తంగా ఉన్న స్థలం' అని కింద నేనే రాశాను కూడా. ఆ ఫొటో పెద్దది చేస్తే నాలుగు రాళ్ళూ కనబడ్డాయి. ఏది ముందు, ఏది వెనక, ఏది దేనికి ఎంత దూరం, అన్నీ తెలిశాయి. అస్తవ్యస్తంగా ఏమీ లేవు. సూటిగా ఒక వరుసలో ఉన్నాయి.

ఒక చోటు మధ్యలోకి మా ఇనప స్తంభం వచ్చింది. వక్కలమ్మే ముసలాయన చోటు అది. ఏం చేయాలో తోచక స్తంభం పీకించేద్దామా అని ఇంజనీర్‌ను అడుగుతుంటే, తమలపాకుల ఆవిడ ఉండబట్టలేక, "పెట్టండి రాయి. ఆయనకు నడుము నొప్పి. వస్తే ఆనుకుని కూర్చుంటాడు" అంది. చాలామంది నవ్వారు. ఆ ఊళ్ళో నేను విన్న మొదటి నవ్వు అదే.

చేపలామెకు ఎడమపక్కన, ఆమె అక్క రాయి అన్నిటికంటే చివర వచ్చింది. సన్నికల్లు ముక్క. హెడ్‌మాస్టర్ దించాక ఆమె దాన్ని కొంచెం తిప్పి పెట్టి, కొంగుతో తుడిచి, చేపలు పరుచుకుంది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. చెమట తుడుచుకుంటున్నట్టు నటించాను, ఎవరూ నమ్మినట్టు లేదు.

గీతలు, నంబర్లు వాలంటీర్లే రెండు రోజులు కూర్చుని గీకేశారు. ఎవరు ఎక్కడ అన్నది నేను ఒక షీటులో రాసుకున్నాను. కూర్చున్నవాళ్ళ పేర్లు, రాళ్ళున్న చోట్ల పేర్లు, అన్నీ. ఒక్క సమస్య మిగిలింది. అది సింగపూర్‌లో ఉంది. నేను స్వయంగా రాసిన ముప్పై రోజుల నిబంధన. అది ఒప్పందంలో ఉంది. దాని ప్రకారం నెల తిరిగేసరికి ఇరవై మూడు చోట్లూ రద్దవుతాయి, చేపలామె అక్క చోటుతో సహా.

తిరిగి వచ్చిన మర్నాడు మీటింగ్ రూమ్‌లో మేడమ్ షీటు చూసింది.

"అంకుల్, ట్వంటీత్రీ లాట్స్ ఎంప్టీ. కెనాట్ లా, కుదరదు. డబ్బిచ్చినవాళ్ళకి ఏం చెప్పను? యువర్ ఓన్ క్లాజ్, వాట్."

నేను ఇంగ్లీషులో పది నిమిషాలు చెప్పాను. యుద్ధం, క్యాంపులు, రాని మనుషులు. ఆమె విన్నది. జాలి పడింది కూడా. కానీ ఇరవై మూడు ఖాళీలు ఖాళీలే. ముప్పై కాకపోతే తొంభై రోజులు చేద్దామంది. భోజనాల వేళయింది, కిందికి వెళ్దామంది.

హాకర్ సెంటర్ కిక్కిరిసి ఉంది. మేడమ్ చేతిసంచిలోంచి టిష్యూ ప్యాకెట్ తీసి ఒక ఖాళీ టేబుల్ మీద పడేసి, నూడుల్స్ లైన్లోకి వెళ్ళిపోయింది. నేను రోటీ లైన్లో నిలబడ్డాను. అలా ప్యాకెట్ పడేసి టేబుల్ ఆపుకోవడాన్ని చోప్ చేయడం అంటారు. సింగపూర్‌లో ఎవరికైనా ఇది తెలిసిందే. టిష్యూ ప్యాకెట్ పెడితే ఆ టేబుల్ నీది. ఒక లావుపాటి మనిషి రెండు చేతుల్లో వేడివేడి సూప్ గిన్నెలతో వచ్చాడు. టేబుల్ చూశాడు, ప్యాకెట్ చూశాడు, మళ్ళీ జనంలోకి వెళ్ళిపోయాడు. వేళ్ళు కాలుతున్నట్టున్నాయి. అయినా వెళ్ళిపోయాడు. ముప్పై ఏళ్ళుగా నేను రోజూ చూస్తున్న దృశ్యం ఇది, రోజూ చేస్తున్న పని.

ఇద్దరం వచ్చి కూర్చున్నాక నేను ఆ ప్యాకెట్ చేతిలోకి తీసుకున్నాను.

"మేడమ్, మీరు లైన్లో ఉండగా నేను దీన్ని తీసి చెత్తబుట్టలో వేసి, ఈ టేబుల్ ఆ సూపాయనకు ఇచ్చేసి ఉంటే?"

"హూ డస్ దట్?" అంది. నిజంగానే నొచ్చుకుంది.

"నేను. ఇరవై మూడుసార్లు."

ఆమె నూడుల్స్ కలపడం ఆపింది. నేను రోటీ తుంచుకుంటూ కూర్చున్నాను.

"హౌ లాంగ్ దే చోప్?" అంది.

"తెలీదు మేడమ్. వాళ్ళకీ తెలీదు."

"డోంట్ నో హౌ లాంగ్, దెన్ హౌ టు రైట్ థర్టీ డేస్?"

"రాయకూడదు మేడమ్."

"డిలీట్ లా" అని, సూప్ తాగేసింది. ఆ మధ్యాహ్నమే ఒప్పందంలో ఆ వాక్యం పోయింది. డబ్బిచ్చినవాళ్ళకు ఆమె ఏం చెప్పిందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఆ తర్వాత ఇంకో ఏడాదిన్నర ఆ ఉద్యోగంలో ఉన్నాను. ఇంకో రెండు ఊళ్ళకు మనుషులను పంపాం. ప్రతి ఊరికీ ముందు నేను వెళ్ళి, నేల మీద ఏమున్నా ఎవరిదని అడిగేవాణ్ణి. చాలాసార్లు అది ఉత్త రాయే అయ్యేది. వాళ్ళు నన్ను వింతగా చూసేవారు.

నా చివరి నెలలో ఒకరోజు పొద్దున ఇంజనీర్ ఫోన్ వచ్చింది. వాడు ఆ మార్కెట్ కాలువలు ఎలా ఉన్నాయో చూడటానికి మళ్ళీ అక్కడికి వెళ్ళి ఉన్నాడు. "సార్, చేపలమ్మ మీతోనే మాట్లాడాలె అంటున్నది" అని ఫోన్ ఆమెకిచ్చాడు.

"ఐయా, మీ కాగితంలో మా అక్క పేరు ఉండాదా ఇంకా?"

"ఉందమ్మా."

"తీసేయండి."

"ఏమైనా తెలిసిందా అమ్మా?"

"ఏమీ తెలీలా. ఎవరూ ఏమీ చెప్పలా. ఒకామె కొత్తగా వచ్చింది ఊరికి. మొగుడు లేడు, ఇద్దరు బిడ్డలు. నెల దినాలుగా బయట ఎండలో కూర్చుని ఆకుకూర అమ్ముతా ఉంది. రోజూ చూస్తా ఉండా. మా అక్కే ఉండుంటే ఈపాటికి రమ్మని పిలిచి కూర్చోబెట్టుండేది. అది అట్లాంటిది. అందుకని నేనే రాయి తీసి ఇంటికి తీసుకుపోయినా. పొద్దున ఆమె వచ్చి కూర్చుంది."

ఉద్యోగస్తుడి బుద్ధి కదా, అడగకూడని మాటే నోట్లోంచి వచ్చింది. "మరి మీ అక్క తిరిగొస్తేనో?"

"వస్తే నా చోట్లో కూర్చుంటుంది" అంది. "ఇద్దరం సరిపోతాం."

ఫోన్ పెట్టేశాక షీటు తెరిచాను. పక్క యూనిట్‌లో బిస్కెట్ల మిషన్ ఆడుతోంది. ఆ పేరు మీద చాలాసేపు వేలు పెట్టి ఉంచాను. ఇరవై మూడు రాళ్ళను నిమిషంలో తీయించినవాణ్ణి, ఆ ఒక్క పేరు తీయడానికి నాకు మధ్యాహ్నమైంది. తీశాను. ఆకుకూరల ఆమె పేరు అక్కడ రాశాను. తర్వాత షీటులో చేపలామె వరుసకు వెళ్ళి, ఆమె పేరు పక్కనే, అదే గడిలో, వాళ్ళ అక్క పేరు చేర్చాను. ఒక చోటుకు ఒకే పేరు ఉండాలన్నది కూడా నేను పెట్టిన నిబంధనే.